ఊరివారి యెదుట లెక్క

పంచాయతీ యెన్నిక ముగిసిన మఱునాటి యుదయమున మన యూళ్లలో నొక చిత్రము కానవచ్చును. నిన్నటి వఱకు పేరు పెట్టి పిలిచినవారే నేడు "మెంబరుగారూ" యని పిలుతురు. రచ్చబండమీద నాతనికి మంచి చోటు విడుతురు. మెడలోని పూలదండ వాడక మునుపే యొక ముసలమ్మ కఱ్ఱ పొడుచుకొనుచు వచ్చి, "నాయనా, మా సందులో మురుగుకాలువ పొంగి పది దినాలైంది, ఒక్కసారి వచ్చి చూడు" అని చెప్పును. ఆతడు తలయూపును. ఆమె వెడలిపోవును. అప్పుడే యాతని పదవి యారంభమైనది. ప్రమాణపత్రముమీద చేవ్రాలు చేయుట తరువాతి మాట.

పెద్దలారా, క్రొత్తగా నెన్నికైన గ్రామ సభ్యుని విధులను గుఱించి యీ సాయంకాలము మాటాడుదునని యొప్పుకొంటిని గాని, ఉపదేశము చేయుటకు నాకు యోగ్యత లేదు. వినుచున్నవారిలో పలువురు పంచాయతీలలో కూర్చుండి లేచినవారే. నేను చేయగలిగిన దొక్కటి. ఈ పదవికి పూర్వులు పెట్టుకొన్న నియమము లెట్టివి, వారు జాగ్రత్తపడిన దెక్కడ, పొరబడిన దెక్కడ యను విషయమును చరిత్రనుండి రెండు మూడు ఘట్టములు తీసి మీ ముందుంచగలను. వానిని చూడగా నాకు తోచిన దేమనగా, ఈ పదవి ప్రాణమంతయు లెక్కలో నున్నది. ఊరి సొమ్ము ఎంత వచ్చినది, ఎందులకు పోయినది యని ఊరివారి యెదుట నిలిచి చెప్పగల లెక్క. తక్కిన విధులన్నియు దాని వెంట వచ్చునవి.

మొదటి ఘట్టమునకు వేయేండ్లు దాటినవి. అది తెలుగునాట జరిగినది కాదు; పొరుగుననున్న తమిళదేశమున, కాంచీపురము జిల్లాలోని ఉత్తరమేరూరున జరిగినది. ఆ యూర వైకుంఠ పెరుమాళ్ కోవెల గోడలమీద రెండు శాసనములు చెక్కబడి నేటికిని నిలిచియున్నవి. అవి చోళరాజగు మొదటి పరాంతకుని కాలమునాటివి. ఒకటి క్రీ. శ. 919, రెండవది 921. రాజు గెలిచిన యుద్ధముల మాట వానిలో ప్రధానము కాదు. ఊరిసభ క్రింద పనిచేయు సంఘములకు సభ్యుల నెట్లు ఏర్పఱచుకొనవలెను, ఎవరిని చేర్చుకొనరాదు అనునదే వాని విషయము. మొదట చేసికొన్న కట్టుబాటును రెండేండ్లు గడచునప్పటికే దిద్ది మఱల చెక్కించిరి. ఱాతిమీద చెక్కించినదానిని గూడ మార్చుకొనుటకు వారు సిగ్గుపడలేదు.

ఆ యూరు ముప్పది వాడలుగా విభజింపబడియుండెను. వాడకు 'కుడుంబు' అని పేరు. ప్రతి వాడలోను అర్హులైనవారి పేర్లు ఒక్కొక్క తాటాకు చీటిమీద వ్రాసి, వాడవాడకు వేఱువేఱు కట్టలు కట్టి, కట్టమీద వాడపేరు గల చీటిని చేర్చి, కుండలో వేయుదురు. పిన్నలును పెద్దలును కూడిన మహాసభలో, ఆనాడు ఊర నున్న అర్చకులందఱును విధిగా కూర్చుండవలెను. వారిలో వృద్ధుడైనవాడు లేచి కుండను అందఱికి కనబడునట్లు పైకెత్తి పట్టవలెను. లోపల నేమున్నదో యెఱుగని చిన్న బాలుడొకడు చేయి పెట్టి ఒక వాడ కట్టను తీయును. దానిని విప్పి, చీటులను వేఱొక కుండలో పోసి కలియబెట్టుదురు. మఱల నా బాలుడే ఒక చీటిని తీసి మధ్యస్థున కిచ్చును. మధ్యస్థుడు ఐదు వ్రేళ్లును చాచిన అరచేతితో దానిని గైకొనవలెను. ఆతడు చదివిన పిమ్మట అర్చకులందఱును ఆ చీటినే చదువవలెను. అప్పుడు గాని ఆ పేరు ఖాయము కాదు.

ఈ శాసనమును చదివినప్పుడెల్ల నే నీ యైదు వ్రేళ్లకడ ఆగిపోవుదును. వ్రేళ్లు ముడిచినచో అరచేతిలో మఱియొక చీటి దాగవచ్చునని ఆనాటివారికి తెలిసియుండెను. మధ్యస్థుడు చెడ్డవాడని వారి తలంపు కాదు. మంచివాడైనను నలుగురి కన్నులు చూచుచుండగా పని చేయవలెనని వారి తలంపు.

ఇక అర్హతలు. పన్ను కట్టు భూమి పావు 'వేలి'కి మించి యుండవలెను. మన కొలతలో నది సుమారు ఎకరమున్నర. సొంత స్థలమున కట్టుకొన్న యింటిలో కాపురముండవలెను. వయస్సు మొదటి శాసనమున ముప్పది మొదలు అఱువది వఱకు, రెండవ దానిలో ముప్పదియైదు మొదలు డెబ్బది వఱకు. వేదము చదివియుండవలెను. గడచిన మూడేండ్లలో ఏ సంఘమునందైనను ఉండినవాడు మఱల పనికిరాడు. పరుల సొమ్ము దొంగిలినవాడును, దొంగపత్రము పుట్టించినవాడును, గాడిద నెక్కినవాడును పనికిరారు. గాడిద నెక్కుట యనగా సంతకు పోవుట కాదు సుడీ, తప్పు చేసినందుకు శిక్షగా నూరేగింపబడుట.

అన్నిటికంటె కఠినమైన నియమము వేఱొకటి కలదు. ఒకప్పుడు సంఘమున నుండి లెక్క చెప్పకపోయినవాడు మఱల సభ్యుడు కారాదు. వాడొక్కడే కాదు, వాని తండ్రి, కొడుకు, అన్నదమ్ములు, మామ, అల్లుడు, బావమఱది, పెదతల్లి పినతల్లి కొడుకులు, మేనత్త మేనమామల కొడుకులు కూడ అనర్హులే. ఈ వరుసలన్నియు శాసనమున విడివిడిగా లెక్కింపబడినవి. నేటి న్యాయము దీని నొప్పుకొనదు, ఒప్పుకొనకుండుటయే మంచిది. అల్లుడు తిన్న సొమ్మునకు మామ నేల శిక్షింపవలెను? కాని దాని వెనుక నున్న భయము నిజమైనది. తాను కూర్చుండుటకు వీలులేనప్పుడు తనవానిని కూర్చుండబెట్టి వెనుకనుండి నడపు తంత్రము మన కాలమున పుట్టినది కాదు.

లెక్క వ్రాయువాని సంగతియు నట్లే. తాను వ్రాసిన లెక్కను పెద్ద సంఘమువారికి ఒప్పగించి సరియనిపించుకొనక మునుపు ఆతనికి మఱల ఆ యుద్యోగము లేదు. అతడు వ్రాసినది అతడే చెప్పవలెను; అతని లెక్కను ముగించుటకు వేఱొకనిని పిలువరాదు. "నా ముందున్నవాడు వ్రాసినాడు, నాకు తెలియదు" అను మాటకు ఉత్తరమేరూరున చోటు లేకుండెను.

ఏర్పడిన ముప్పదిమందిలో పండ్రెండుగురు సంవత్సర సంఘముగాను, పండ్రెండుగురు తోటల సంఘముగాను, ఆర్గురు చెఱువు సంఘముగాను పనిచేయుదురు. గడువు మున్నూటయఱువది దినములు. నడుమ నెవరైనను అపరాధియని తేలిన వెంటనే తొలగింపవలెను. చెఱువునకు వేఱుగా నొక సంఘమును పెట్టుటలోని వివేకమును చెఱువుక్రింద సేద్యము చేసిన మీకు నేను చెప్పనక్కఱలేదు. కట్ట తెగిన రాత్రి ఎవరి నడుగవలెనో ఊరివారికి ముందే తెలిసియుండెను.

ఇంతవఱకు పొగడితిని. ఇప్పుడు రెండవ ప్రక్కను గూడ చెప్పకున్న అసత్యదోషము వచ్చును. అది బ్రాహ్మణ అగ్రహారము. భూమియు వేదమును గలవారికే ఆ కుండలో చీటి యుండెను. ఆ పొలములను దున్నినవారికి లేదు, చెఱువులో పూడిక తీసినవారికి లేదు, స్త్రీలకు లేదు. పని చేసినవారు వేఱు, లెక్క విన్నవారు వేఱు. కావున ఉత్తరమేరూరును చూపి మన పూర్వులకు సంపూర్ణ ప్రజాపాలన యుండెనని గర్వించువారితో నేనేకీభవింపను. వారు చేసినది గొప్ప యేర్పాటు. అది కొందఱికి మాత్రమే.

మన తెలుగుగ్రామములలో పాలన యొక్క రూపము వేఱు. పన్నిద్ద రాయగాండ్రని పేరు వినియుందురు. రెడ్డి, కరణము, తలారి, పురోహితుడు, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలైనవారు ఊరి పనులు చేసి ఊరి పంటలో భాగమో, మాన్యమో పొందుచుండిరి. ఇంగ్లీషువారి కాలమున మునసబును కరణమును సర్కారువారి మనుష్యులైరి. శిస్తు వసూలు మునసబుది, లెక్క కరణముది. ఈ పదవులు తఱచుగా తండ్రినుండి కొడుకునకు వచ్చునవి. కరణములలో ధర్మాత్ములుండిరి, ఊరినంతయు కలముకొనపై నాడించినవారును ఉండిరి. ఎట్టివారైనను వారిని ఊరివారు తీసివేయలేరు. ఏలయన ఊరివారు పెట్టలేదు. ఆంధ్రప్రదేశమున ఆ పదవులు 1984లో రద్దయినవి. ఈనాడు నలువదేండ్లలోపు వయస్సు గలవారికి కరణమన్న మాట కథలలోనిదే. కాని గ్రామమున అధికార మనునది జన్మచే వచ్చునను నలవాటు ఒక చట్టముతో పోవునది కాదు. ఎన్నికైన సభ్యుడు ఆ పాత గద్దెయే తనకు దక్కినదని భ్రమించుట మనము చూచుచునే యున్నాము.

ఎన్నిక యను పద్ధతి గ్రామమునకు నెమ్మదిగా వచ్చినది. 1882 మే నెలలో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గుఱించి తీర్మానము వెలువరించెను. చెన్నపురి రాజధానిలో 1884లో లోకల్ బోర్డుల చట్టము వచ్చినది. జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, కొన్ని గ్రామములను కలిపి యూనియన్లు ఏర్పడినవి. యూనియనువారు ఇంటిపన్ను వేసి, వీధులూడ్పించి, దీపములు పెట్టింపవలెను. సభ్యులలో అనేకులను పైవారే నియమించుచుండిరి. 1920లో గ్రామపంచాయతీల చట్టము వచ్చినది. ఈ చట్టముల వరుస మీకు విసుగు పుట్టించును గనుక ఇంతటితో వదలి, వానికంటె మేలుగా బోధించు నొక యూరి కథను చెప్పెదను.

చీరాల పేరాల కథ మీ పెద్దలవలన వినియేయుందురు. నేడు బాపట్ల జిల్లాలో నున్న చీరాల ఆనాడు గుంటూరు జిల్లాలోనిది. చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి యొక యూనియను. జనము సుమారు పదునైదువేలు; నేతగాండ్రును చిన్న రైతులును ఎక్కువ. యూనియనుకు ఏటికి సుమారు నాలుగువేల రూపాయల పన్ను చెల్లించుచుండిరి. 1919లో ప్రభుత్వము ఆ యూళ్లను మునిసిపాలిటీగా మార్చెను. పన్ను నలువదివేల వఱకు పోవునని లెక్క తేలెను. మగ్గముమీద బ్రదుకువానికి ఇది చిన్న మాట కాదు. ఊరివారు అర్జీలు పంపిరి. ఎవరును వినలేదు.

ఇచట ఒక విశేషమున్నది. మునిసిపాలిటీకి ఎన్నికైన సభ్యులు తమ పదవులను విడిచిపెట్టిరి. "మేము లోపలనుండి మంచిచేసెదము" అని చెప్పి కుర్చీలు పట్టుకొనియుండవచ్చును. అట్లు చెప్పుట తేలిక, కొన్నియెడల నిజమును కావచ్చును. కాని తమ్ము పంపినవారికి ఆ కార్యాలయమే వలదని తెలిసిన పిమ్మట అందులో కూర్చుండుట వారికి తగదని తోచెను. ప్రభుత్వము జీతముమీద చైర్మనును నియమించి పని నడపెను. పన్ను చెల్లింపనివారిని కొందఱిని చెఱకు పంపిరి. వారిలో నొక స్త్రీయు నుండెను.

ఆ సమయమున నాయకుడై నిలిచినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. ఎడింబరోలో చదివివచ్చిన పండితుడు, పాటగాడు, మాటకారి. రామదండను స్వచ్ఛందదళమును కూర్చినవాడు. 1921 మార్చి తుదిలో బెజవాడలో కాంగ్రెసు సభ జరిగిన పిదప ఏప్రిలులో గాంధీగారు చీరాలకు వచ్చిరి. పన్ను నిరాకరించి శిక్షల ననుభవించుట యొక మార్గము, ఊరు విడిచి మునిసిపాలిటీ యెల్లలు దాటిపోవుట మఱియొక మార్గము అని చెప్పిరి. చీరాలవారు రెండవదానిని పట్టిరి. ఊరు లేకున్న మునిసిపాలిటీ యెవరిమీద పన్ను వేయును?

ఆ వేసవిలో పదునైదువేలలో పదమూడువేలకు మించిన జనము ఇండ్లకు తాళములు వేసి ఊరి వెలుపల పాకలు వేసికొనిరి. దానికి రామనగరమని పేరు పెట్టుకొనిరి. ముసలివారు, బాలింతలు, పసిపిల్లలు, మగ్గములు, గొడ్డుగోద అన్నియు కదలినవి. ఎండ పోయి వాన వచ్చినది, వాన పోయి చలి వచ్చినది. రమారమి పదునొకండు నెలలు అచటనే యుండిరి. ఆ యేటనే గోపాలకృష్ణయ్యగారిని పట్టుకొని ఏడాది శిక్ష వేసిరి. ధనము తఱిగినది, నాయకుడు దూరమైనాడు. 1922లో జనము తిరిగి ఇండ్లకు వచ్చిరి. మునిసిపాలిటీ నిలిచినది.

ఓడిపోయిరని చెప్పవచ్చును. నే నా వాదములోనికి పోను. కాని రెండు మాటలు చెప్పకుండ ఉండలేను. ఆనాటి ప్రభుత్వపక్షమున నున్న వాదము బొత్తిగా పసలేనిది కాదు. పదునైదువేల జనమున్నచోట మురుగుకాలువలును, మంచినీరును, పాకీపనియును అవసరములే. వానికి డబ్బు కావలెను. పైగా 1920 తుదినుండి ఆ శాఖ దేశీయ మంత్రి చేతిలో, తెలుగువారే యగు పానగల్ రాజావారి చేతిలో నుండెను. దొరలే చేసిరని తప్పించుకొనుటకు వీలులేదు. మఱి తప్పెక్కడ? ఆ నలువదివేలతో ఏ కాలువ త్రవ్వుదురు, ఏ బావి బాగుచేయుదురు, కూలివాడెంత యియ్యవలెను, వర్తకుడెంత యియ్యవలెను అని ఊరివారిని ముందు కూర్చుండబెట్టి అడిగి యొప్పించినవారు లేకపోయిరి. నాలుగు నలువదియైనప్పుడు లెక్క చెప్పవలసినది తరువాత కాదు, ముందు.

ఈనాడు మన పంచాయతీలలో రోగము తారుమారైనది. ఇంటిపన్ను అడిగిన ఓటు పోవునని సభ్యుడు భయపడును. అడుగడు. పన్ను రాదు, దీపము వెలుగదు, కాలువ కదలదు. పైనుండి నిధులు రావలెనని రోడ్డువైపు చూచుచుందురు. పన్ను కట్టనివాడు లెక్క అడుగుటకును మొగమాటపడును. ఇరువురికిని ఇది సుఖముగనే యుండును, ఊరికి తప్ప.

స్వరాజ్యము వచ్చిన పిదప రాజ్యాంగసభలో గ్రామమును గుఱించి గట్టి వాదము జరిగినది. 1948 నవంబరు 4వ తేదీన అంబేద్కరుగారు మాటాడుచు, గ్రామమును స్వర్గముగా వర్ణించువారిని తీవ్రముగా ఖండించిరి. ఊరిలో అంటరానివాడుగా బ్రదికినవానికి ఊరి సభ ఎట్లు కనబడునో ఆయన కంటె నెఱిగినవారెవరు? ఆ మాటలు మన రంగాగారికి కష్టము కలిగించినవి. ప్రకాశంపంతులుగారును పంచాయతీల పక్షముననే నిలిచి మాటాడిరి. నవంబరు 22న సంతానంగారు తెచ్చిన సవరణ అంగీకరింపబడి, గ్రామపంచాయతీలను ఏర్పఱచుట రాజ్యముయొక్క విధి యని నలువదవ యధికరణము చేరినది. ఇరుపక్షములవారును సత్యమే చెప్పిరని నా నమ్మకము. ఉత్తరమేరూరు గోడమీద ఆ రెండు సత్యములును ప్రక్కప్రక్కనే యున్నవి గదా.

తరువాతి చరిత్ర మీ కనులముందే జరిగినది. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము నివేదిక యిచ్చినది. 1959 అక్టోబరులో రాజస్థానమున మొదలైన పంచాయతీరాజ్యము ఆ నెలలోనే మన షాద్‌నగరమునకు నెహ్రూగారి చేతులమీదుగా వచ్చినది. రాజ్యాంగమునకు జరిగిన డెబ్బదిమూడవ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చి, అయిదేండ్ల కొకసారి యెన్నిక తప్పనిసరి చేసినది. దళితులకును గిరిజనులకును వారి జనసంఖ్యనుబట్టి, స్త్రీలకు మూడవవంతునకు తక్కువ కాకుండ స్థానములు కేటాయించినది. స్త్రీల భాగము మన తెలుగు రాష్ట్రములలో తరువాత సగమైనది. ఇరువదియొక్క యేండ్లు నిండిన యే స్త్రీపురుషులైనను నిలువవచ్చును. వేదమక్కఱలేదు, ఎకరమున్నర యక్కఱలేదు. కుండలో అందఱి చీటులును పడినవి.

పడినవి గాని, చీటి తీసిన చేయి మూయకుండ చూడవలసిన పని మిగిలియున్నది. స్త్రీ మెంబరైనచోట సమావేశమునకు భర్త పోయి కూర్చుండుట ఎన్ని యూళ్లలో లేదు? ఆమె యింటికడ పుస్తకము మీద చేవ్రాలు చేయును. దళిత సభ్యునికి కుర్చీ వేసి, మాటాడుటకు మాత్రము వంతు రానీయని సభలను గూడ మీ రెఱుగుదురు. పెద్దరికము గలవారు మీరే గనుక మిమ్మే యడుగుచున్నాను: అట్టి సమావేశములో "ఎన్నికైన అమ్మాయి ఏది? ఆమె రానిదే లెక్క విప్పవద్దు" అని మీలో నొకరు లేచి చెప్పిన, ఆ భర్తకు మాఱుమాటాడ సాహసముండునా?

క్రొత్త సభ్యుడు మొదటినాడు చేయదగిన పనులు పెద్దవి కావు. తన వాడలోని గడప గడపకు ఎన్నికలకు ముందెట్లు తిరిగెనో తరువాతను ఒకసారి తిరుగవలెను. ఓటు వేయలేదని తెలిసిన యిండ్లకు ముందుగా. ఏ కొళాయి కారుచున్నది, ఏ దీపము వెలుగుట లేదు, శ్మశానమునకు త్రోవ ఉన్నదా, పుట్టిన బిడ్డలను పుస్తకమున కెక్కించిరా యని కనుగొనవలెను. కార్యదర్శికడ కూర్చుండి జమాఖర్చుల పుస్తకమును చూపుమని యడుగవలెను. అర్థము కాకున్న మఱల నడుగుటకు సిగ్గుపడరాదు. సమావేశపు తీర్మానములను చదువక చేవ్రాలు చేయరాదు. గ్రామసభ జరుగు దినమును తన వాడలో దండోరా వేయింపవలెను. గ్రామసభ జరిగినట్లు కాగితముమీద చేవ్రాళ్లు మాత్రమే పుట్టుట దొంగచీటికి తమ్ముడు.

ఊరి బ్రదుకులో గూడ ఆతని నడక మారును. ఇంతవఱకు తన కులమువారి పెండ్లికే పోయినవాడు ఇపుడు వాడలోని ప్రతి యింటి శుభాశుభములకు పోవలెను. గట్టు తగవులలో తన బంధువు పక్షమున మాటాడుటకు వీలులేదు. అప్పిచ్చినవానియొద్దను, పని గుత్తకు తీసికొన్నవానియొద్దను విందు కుడుచుటకు వీలులేదు. ఇవి చట్టములో వ్రాసిన మాటలు కావు. వీథి చూచుచుండును, అంతే.

మా తండ్రిగారు ఒకసారి వార్డు మెంబరుగా నుండిరి. ఊరికి కరెంటు వచ్చిన క్రొత్త. మా వాడకు వీథిదీపమొకటి మంజూరైనది. పంచాయతీ పెద్ద స్నేహము కొలది స్తంభమును మా వాకిట పాతించెను. ఆ రాత్రి దీపము వెలిగినప్పుడు పిల్లలమందఱము గంతులు వేసితిమి. మా నాయనమ్మ అరుగుమీద కూర్చుండి, "దీపం మన గడపకొచ్చిందా అబ్బాయీ, వాడకొచ్చిందా?" అని యడిగినది. మా తండ్రిగారు బదులు చెప్పలేదు. నెలదినములు గడచిన పిమ్మట స్తంభమును పెఱికించి, ఆడువారు చీకటిలో నీళ్లు తోడుకొను బావికడ పాతించిరి. అందువలన కీర్తి వచ్చినదని తలపకుడు. బావి ప్రక్క యింటివారు, దీపపు పురుగులు అన్నములో పడుచున్నవనియు, కుఱ్ఱవాండ్రు ఆ వెలుగున పేకాడుచున్నారనియు మూడు నెలలు తగవులాడిరి. ఆ యింటి పెద్దాయన, వరుసకు మాకు బాబాయి, అటుపిమ్మట మా తండ్రిగారితో సరిగా మాటాడలేదు.

మా తండ్రిగారికి ఒక పొడుగు పుస్తకముండెను. వాడకు వచ్చిన ప్రతి రూపాయిని అందులో వ్రాసికొనిరి. అందు "స్తంభము మార్పించిన కూలి, సొంతము" అని యొక పద్దు ఉన్నది. గడువు తీరిన దినమున బావికడ చాప పఱచుకొని, ఆ దీపముక్రింద లెక్క చదువుదునని వాడకంతయు కబురు పంపిరి. ఏడుగురు వచ్చిరి. వారిలో మా బాబాయియు నొకరు. లెక్క అంతయు కదలక విని, చివర గొంతు సవరించుకొని, "నిరుడు బావికి కొన్న మోకు రెండు చోట్ల వ్రాసినావు. ఒకటే గదా కొన్నది?" అనెను. మా తండ్రిగారు పుస్తకమును వెనుకకు త్రిప్పి చూచి, ఒక పద్దు కొట్టివేసి, మిగిలిన సొమ్ము మొత్తమును దిద్ది మఱల చదివి వినిపించిరి.